సోనికేటర్‌లో సన్న ట్యూబు: ద్రవాలు కలపడం, క్రిస్టల్స్ పుట్టించడం ఎలా?

విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే దారిలో ఇంజనీరింగ్, ఫార్మసీ కాలేజీలకి కొదవ లేదు. వాటిలో ఒకదాని ల్యాబ్‌లోనే నా రోజు గడుస్తుంది. మా ల్యాబ్‌లో ఓ మూల సోనికేటర్ ఉంటుంది, అంటే నీళ్ళని సెకనుకి వేలసార్లు వణికించే శబ్దాన్ని (అల్ట్రాసౌండ్) పుట్టించే తొట్టి. హెచ్‌పీఎల్‌సీకి (మిశ్రమాన్ని విడదీసి కొలిచే యంత్రం) వాడే మొబైల్ ఫేజ్‌లోంచి, అంటే అందులో పారే ద్రవంలోంచి, గాలి తీయడానికి ఉదయం ఓ పావుగంట ఆన్ చేస్తారు, తర్వాత దాని మీద తువ్వాలు కప్పేస్తారు. సూర్యారావుపేటలో పళ్ళ డాక్టర్ల దగ్గర, కళ్ళజోళ్ళ షాపుల్లో కనిపించే చిన్న స్టీలు తొట్టి దాని తమ్ముడే. ఆ తొట్టికి ఓ సన్న ట్యూబు, రెండు సిరంజి పంపులు జతచేస్తే మీకో మైక్రోరియాక్టర్, అంటే సన్న గొట్టంలోనే ద్రవాల చర్య జరిపే ఏర్పాటు, తయారైనట్టే. అందులో ద్రవాలు త్వరగా కలిసేలా, క్రిస్టల్స్ సన్నగా, ఒకే సైజులో పుట్టేలా, ట్యూబు మూసుకుపోకుండా ఎలా చూసుకోవాలో చెబుతాను. ఎమ్.ఫార్మసీ, ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. "అల్ట్రాసౌండ్ పెట్టాం, ఫలితం మారింది" అని నా దగ్గరికి వచ్చే రికార్డుల్లో చాలాసార్లు అసలు పని చేసింది వేడి. సోనికేటర్ నీళ్ళని కాస్తుంది, ఆ సంగతి ఎవరూ రాసుకోరు. అందుకని ఈ గైడులో థర్మామీటర్ మాట పదే పదే వస్తుంది. విసుక్కోకండి.

అసలు ఎందుకు కలవవు?

ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో గోదావరి ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతూ కృష్ణలో కలుస్తాయి. సన్న ట్యూబులో ఆ సుడులు ఉండవు. లోపలి వ్యాసం 0.8 మి.మీ. ఉన్న ట్యూబులో నిమిషానికి 1 మి.లీ. నీళ్ళు పంపితే, అవి సెకనుకి సుమారు 33 మి.మీ. నడుస్తాయి. ప్రవాహం నున్నగా నడుస్తుందా, సుడులు తిరుగుతుందా చెప్పే రేనాల్డ్స్ సంఖ్య లెక్కేస్తే 26 వస్తుంది. సుడులు మొదలవ్వాలంటే అది 2000 పైన ఉండాలి. కాబట్టి రెండు ద్రవాలూ ముఖం చాటేసుకున్న తోడికోడళ్ళలా పక్కపక్కనే, పొరలు పొరలుగా నడుస్తాయి. కలవాలంటే అణువులు తమంతట తాము పక్క పొరలోకి పాకాలి. మామూలు మందు అణువుకి ట్యూబు గోడ నుంచి మధ్యకి పాకడానికి రెండున్నర నిమిషాల పైనే పడుతుంది. 5 మీటర్ల ట్యూబు మొత్తం దాటడానికి పట్టే టైమూ దాదాపు అంతే. అంటే సరిగ్గా కలిసే వేళకి ద్రవం బయటికి వచ్చేస్తుంది.

వేడి సంగతి వేరు. నీటిలో వేడి, అణువుల కన్నా వంద రెట్లకి పైగా వేగంగా పాకుతుంది. ఇదే ట్యూబులో చల్లదనం గోడ నుంచి మధ్యకి చేరడానికి ఒక సెకను చాలు. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, క్రిస్టల్స్ దగ్గర పనికొస్తుంది.

అల్ట్రాసౌండ్ చేసే పని అంతా దాదాపుగా బుడగల ద్వారానే. సౌండ్ తగలగానే ద్రవంలోని చిన్న చిన్న గాలి బుడగలు ఉబ్బుతూ, కుంచించుకుపోతూ వణుకుతాయి. ఆ వణుకు చుట్టూ ఉన్న ద్రవాన్ని కవ్వంలా చిలుకుతుంది. కొన్ని బుడగలు ఉబ్బి ఒక్కసారిగా కూలిపోతాయి. దాన్నే కేవిటేషన్ అంటారు. ఓడల ప్రొపెల్లర్లకి గుంటలు ఎందుకు పడుతున్నాయన్న గొడవలోంచే, ఇలా కూలే బుడగ లెక్కని లార్డ్ రేలీ 1917లో కట్టాడు. అప్పుడు ఓడలకి తలనొప్పి తెచ్చిన బుడగ మనకిప్పుడు పనిమనిషి.

ఏమేం కావాలి

సోనికేటర్ 37 నుంచి 40 కిలోహెర్ట్జ్ మధ్యది, రెండు మూడు లీటర్లది చాలు. హీటర్ స్విచ్ ఉంటే ఆఫ్ చేసి, దాని మీద టేపు అంటించండి. ఎవరో ఒకరు అలవాటుగా ఆన్ చేస్తారు.

ట్యూబు బయటి వ్యాసం 1.6, లోపలి వ్యాసం 0.8 మి.మీ. ఉన్న టెఫ్లాన్‌ది తీసుకోండి. హెచ్‌పీఎల్‌సీ ఫిట్టింగులు దానికి సరిపోతాయి కాబట్టి విడిగా కొనే పని తగ్గుతుంది. ఇంకా సన్నది తీసుకుంటే గొప్పగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. మొదట్లో వద్దు. 40 కిలోహెర్ట్జ్ దగ్గర బాగా వణికే బుడగ వ్యాసం సుమారు 0.16 మి.మీ. 0.8 ట్యూబులో అది హాయిగా ఆడుతుంది, 0.1 మి.మీ. సందులో దానికి చోటే ఉండదు. టెఫ్లాన్ మెత్తన కాబట్టి కొంత సౌండ్‌ని మింగేస్తుంది. గాజు, స్టీలు బాగా దాటనిస్తాయి. అయినా లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడాలి, చుట్ట చుట్టడానికి వంగాలి. అందుకే నా ఓటు టెఫ్లాన్‌కే.

సిరంజి పంపులు రెండు. ఆసుపత్రుల్లో వాడేసిన ఇన్‌ఫ్యూజన్ పంపు దొరికినా పని జరుగుతుంది. పైగా లైను మూసుకుపోతే అదే అలారం కొడుతుంది. ఇంకా రెండు ద్రవాలూ వచ్చి కలిసే ఒక టీ-జాయింట్, 0.1 డిగ్రీ చూపించే డిజిటల్ థర్మామీటర్, వంటింటి అల్యూమినియం ఫాయిల్, స్టీలు వైరు బుట్ట, చవక లేజర్ పాయింటర్, మైక్రోస్కోప్. చల్లబరచడానికి థర్మోకోల్ ఐస్ బాక్స్, రాగి గొట్టం చుట్ట, ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న పంపు. కూలర్ పంపు మన ఊళ్ళో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. నీళ్ళలో మునిగే కరెంటు వస్తువు కాబట్టి ఎర్త్ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి.

మొదటి పని: సౌండ్ ఎక్కడుందో పట్టుకోండి

తొట్టి అంతటా సౌండ్ ఒకేలా ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. అడుగు నుంచి లేచిన తరంగం నీటి పైభాగాన్ని తాకి వెనక్కి తిరుగుతుంది. రెండూ కలిసి నిలబడిపోయి కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల దాదాపు సున్నాగా ఉంటాయి. 40 కిలోహెర్ట్జ్ దగ్గర నీటిలో ఒక గట్టి పొరకీ తర్వాతి గట్టి పొరకీ దూరం 18–19 మి.మీ. మీ ట్యూబు ఆ మధ్యలో పడితే ఎంత సేపు సోనికేట్ చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే.

తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పోసి, మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. మట్టం మారితే సౌండ్ పొరలు కూడా జరుగుతాయి, అందుకే ఆ గీత. సోనికేటర్‌ని పది నిమిషాలు ఉత్తినే ఆడించండి. తొట్టి నీళ్ళలో కరిగిన గాలి బయటికి పోతుంది. బయటి నీళ్ళలో గాలి ఎక్కువుంటే సౌండ్ ట్యూబు దాకా రాకుండా దారిలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు ఫాయిల్‌ని తొట్టి లోతంత పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పున ముడత పడకుండా కత్తిరించి, పైన రెండు క్లిప్పులతో నిలువుగా వేలాడదీయండి. అడుగు తాకకూడదు. 40 సెకన్లు ఆన్ చేసి ఆపండి. ఫాయిల్ తీసి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. సూదితో గుచ్చినట్టు చిల్లులు, వాటి చుట్టూ గరుకు మచ్చలు, మధ్యలో ఏమీ కాని నున్నటి పట్టీ, మళ్ళీ చిల్లులు. ఆ పట్టీలే మీ మ్యాపు. తొట్టిలో నాలుగైదు చోట్ల ఇదే చేసి, చిల్లులు ఎక్కువ పడ్డ ఎత్తుని, స్థలాన్ని నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకోండి. ఫాయిల్ ముక్కలే నోట్‌బుక్‌లో అంటిస్తే ఇంకా మంచిది. మీ ప్రాజెక్టు గైడ్ అడిగినప్పుడు నోటితో వివరించే పని తప్పుతుంది.

ట్యూబు చుట్టని ఆ ఎత్తులోనే, స్టీలు వైరు బుట్టకి దారంతో కట్టి వేలాడదీయండి. ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. మొదటిసారి చుట్ట చక్కగా నిలబడుతుందని ఖాళీ ప్లాస్టిక్ నీళ్ళ సీసాకి ట్యూబు చుట్టాను. రెండు రోజులు సౌండ్ పెట్టినా పెట్టకపోయినా ఒకే రిజల్టు. సీసాలో ఉన్నది గాలి. గాలి సౌండ్‌ని అద్దంలా వెనక్కి కొడుతుంది. సీసా చాటున ఉన్న ట్యూబుకి ఏమీ అందలేదు. ఫాయిల్‌ని సీసా వెనక పెట్టి చూశాక గానీ బుర్ర వెలగలేదు, దాని మీద ఒక్క చిల్లూ పడలేదు.

తొట్టి ఆడుతున్నప్పుడు చెయ్యి లోపల పెట్టకండి. నీళ్ళు లేకుండా ఆన్ చేయకండి. కీచుమనే ఆ శబ్దం పక్కన గంటల తరబడి కూర్చోవాలంటే చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి లేదా మూత వేయండి.

రెండో పని: నిజంగా ఎన్ని వాట్లు అందుతున్నాయి?

పెట్టె మీద 120 వాట్లని రాసి ఉంటుంది. అది కరెంటు లెక్క. నీటికి ఎంత అందుతోందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 2 లీటర్ల నీళ్ళు కొలిచి పోయండి. ఉష్ణోగ్రత రాసుకోండి. 5 నిమిషాలు ఆడించి, నీళ్ళు కలియబెట్టి మళ్ళీ రాసుకోండి. 28.0 నుంచి 31.5కి వచ్చిందనుకుందాం. 2000 గ్రాములు, ఇంటూ 4.18, ఇంటూ 3.5 డిగ్రీలు, బై 300 సెకన్లు. సుమారు 98 వాట్లు.

ఇందులో ఓ మెలిక ఉంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఈ కొలత తీస్తే, సోనికేటర్ ఆఫ్‌లో ఉన్నా నీళ్ళు వాటంతటవే వేడెక్కుతాయి. అందుకని ముందు 5 నిమిషాలు ఆఫ్‌లో ఉంచి ఎంత పెరిగిందో చూసి, దాన్ని తీసేయండి. ఏసీ గదైతే ఉల్టా జరుగుతుంది.

ఇదే లెక్కని తిప్పి చూడండి. 98 వాట్లంటే నిమిషానికి 0.7 డిగ్రీ. అరగంట ప్రయోగంలో 20 డిగ్రీలు! మీ ప్రయోగం మొదట్లో ఒక ఉష్ణోగ్రత, చివర్లో ఇంకొకటి. అందుకే రాగి చుట్ట. ఐస్ బాక్స్‌లోని చన్నీళ్ళని కూలర్ పంపుతో రాగి చుట్ట గుండా తిప్పండి, చుట్టని తొట్టి గోడ వెంబడి ఉంచండి. ఐస్ ముక్కలు మాత్రం నేరుగా తొట్టిలో వేయకండి. అవి తేలుతూ సౌండ్ దారిని చెదరగొడతాయి, వేయగానే నీటి మట్టాన్ని పెంచుతాయి. మీరు గీసిన గీత, తీసిన ఫాయిల్ మ్యాపు అన్నీ వృథా. 98 వాట్ల వేడిని లాగేయడానికే గంటకి కిలో పైన ఐస్ కరుగుతుంది. గది వేడి దానికి అదనం. కాబట్టి ఒక పూట పనికి ఐదారు కిలోలు తెచ్చిపెట్టుకోండి.

మన కోస్తా ఉక్కలో చల్లటి తొట్టికి బయట చెమట పడుతుంది. ఆ నీళ్ళు కారి కింద ఉన్న సర్క్యూట్‌లోకి దిగుతాయి. తొట్టి చుట్టూ పొడి తువ్వాలు చుట్టి, అరగంటకోసారి మారుస్తూ ఉండండి.

మూడో పని: కలిసిందో లేదో కంటితో చూడండి

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడ్డట్టు, రంగు మారే చర్యే మనకి ఉత్తమ సాక్షి. ల్యాబ్‌లో ఫినాఫ్తలీన్ ఉంటుంది. ఒక సిరంజిలో 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ తీసుకుని అందులో ఫినాఫ్తలీన్ నాలుగు చుక్కలు వేయండి, గులాబీ రంగు వస్తుంది. రెండో సిరంజిలో 0.012 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆమ్లం కాస్త ఎక్కువుంది కాబట్టి పూర్తిగా కలిస్తే రంగు పోవాలి. ఈ చర్య జరగడానికి టైమే పట్టదు, కలవడానికే టైము. అంటే గులాబీ గీత ఎక్కడ మాయమైందో అక్కడ కలవడం పూర్తయిందన్నమాట.

రెండు పంపుల్నీ నిమిషానికి 0.5 మి.లీ. చొప్పున పెట్టండి. టీ-జాయింట్‌ని మీ ఫాయిల్ మ్యాపులో చిల్లులు ఎక్కువ పడ్డ చోట ముంచండి. ట్యూబు వెనక లామినేట్ చేసిన తెల్ల కాగితం పెడితే గులాబీ దారం స్పష్టంగా కనిపిస్తుంది. సౌండ్ లేకుండా అది ఎన్ని చుట్లు వెళ్ళిందో లెక్కపెట్టండి. చుట్టు పొడవు తెలుసు కాబట్టి దూరం వస్తుంది. దూరాన్ని సెకనుకి 33 మి.మీ.తో భాగిస్తే కలవడానికి పట్టిన టైము. ఉదాహరణకి 66 సెం.మీ. వెళ్ళి మాయమైతే 20 సెకన్లు.

ఇప్పుడు సౌండ్ ఆన్ చేయండి. రంగు గీత టీ-జాయింట్ వైపు వెనక్కి జరగాలి. గీత కదిలే తీరు చూడటానికి బాగుంటుంది. సన్నటి దారం ఒక్కసారి వణికి, నలిగి, పొగలా విచ్చుకుంటుంది. ట్యూబులో ఓ చిన్న బుడగ చిక్కుకుని ఉంటే దాని చుట్టూనే ముందు విచ్చుకోవడం గమనించండి. అందుకే లోపలి ద్రవాల్ని మొబైల్ ఫేజ్‌లా పూర్తిగా డీగ్యాస్ చేయకండి. బయటి తొట్టి నీళ్ళకి గాలి పోవాలి, లోపలి ద్రవంలో కాస్త ఉండాలి. ఇది చాలామంది తిరగేసి చేస్తారు.

ఇక్కడే రెండు కంట్రోల్స్, అంటే పోల్చి చూసుకునే ప్రయోగాలు, చేసేయండి. ఒకటి, అదే చుట్ట, అదే ఉష్ణోగ్రత, సౌండ్ లేదు. చుట్టిన ట్యూబులో వంపు వల్ల కూడా ద్రవం కొంత కలుస్తుంది, కాబట్టి తిన్నని ట్యూబుతో పోల్చడం అన్యాయం. రెండోది, సౌండ్ ఆడించాక తొట్టి ఏ ఉష్ణోగ్రతకి చేరిందో ఆ ఉష్ణోగ్రత నీళ్ళతో, సౌండ్ లేకుండా. ఈ రెండో దానిలోనూ గీత వెనక్కి జరిగితే, జరిగిన ఆ మేరకి ఘనత వేడిదే. సౌండ్ ఖాతాలో వేయకండి.

ఇంకో జాగ్రత్త. ఆమ్లం, క్షారం అయాన్లు మందు అణువుల కన్నా వేగంగా పాకుతాయి. ఇక్కడ 20 సెకన్లు వచ్చిందని మీ మందుకీ 20 సెకన్లే అని రాయకూడదు. సౌండ్ ఉన్నప్పుడు, లేనప్పుడు తేడా చూడటానికే ఈ పరీక్ష.

నాలుగో పని: క్రిస్టల్స్

పారాసిటమాల్‌తో మొదలుపెట్టండి. ముడిమందు కావాలి. మాత్రలు నూరి వేస్తే అందులోని పిండి, జిగురు కలిసి ఎందుకు ఏం జరిగిందో తెలియదు. కిలో నీటిలో ఇది 30 డిగ్రీల దగ్గర సుమారు 17.4 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర 9.4 గ్రాములు కరుగుతుంది. అంటే 30 దగ్గర నిండుగా కరిగించి 10కి దించితే, ఉండగలిగినదానికి దాదాపు రెట్టింపు మందు నీటిలో ఇరుక్కుని ఉంటుంది. అయినా వెంటనే బయటపడదు. మొదటి బీజం పుట్టడమే దానికి కష్టం. ఆ మొండితనాన్ని సౌండ్ వదిలిస్తుంది.

250 మి.లీ. నీటిలో 4.25 గ్రాములు వేసి 45 డిగ్రీల దాకా వెచ్చబెట్టి కరిగించండి. వెచ్చగా ఉండగానే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. దుమ్ము కణం ఒక్కటి మిగిలినా దాని మీదే క్రిస్టల్ కూర్చుంటుంది, పేరు సౌండ్‌కి పోతుంది.

సిరంజి చల్లబడకుండా చూడండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ మా ల్యాబ్‌లో అన్నిటికన్నా ఎక్కువ పూటలు పాడుచేసింది ఇదే. ఒకసారి ఏసీ గాలి సరిగ్గా పంపు మీద పడేలా పెట్టి భోజనానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి సిరంజి మూతిలో తెల్లగా పటికబెల్లం పలుకుల్లా క్రిస్టల్స్. పంపు ఇంకా నెడుతూనే ఉంది, జాయింట్ ఊడి ద్రవం టేబుల్ నిండా కారింది. ఏసీ 24 దగ్గర ఉంటే 29 డిగ్రీల దగ్గర సంతృప్తమైన ద్రావణం ఊరుకుంటుందా? విజయవాడ ఎండాకాలంలో ఏసీ ఆపేస్తే చాలు, గదే వెచ్చటి పెట్టె. మిగతా రోజుల్లో సిరంజికి వేడినీళ్ళ బ్యాగు చుట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోకుండా పంపు దగ్గర వంగకండి.

ట్యూబుని రెండుగా ఆలోచించండి. మొదటి 1 మీటరు సోనికేటర్‌లో, 10 డిగ్రీల దగ్గర. మిగతా 4 మీటర్లు పక్కన ఇంకో టబ్‌లో, అదే 10 డిగ్రీలు, సౌండ్ లేకుండా. నిమిషానికి 0.5 మి.లీ. పంపితే సౌండ్‌లో ఒక నిమిషం, నిశ్శబ్దంలో నాలుగు నిమిషాలు. ట్యూబంతా సౌండ్‌లో పెట్టేస్తే ఎక్కువ లాభం అనిపిస్తుంది. కానీ సౌండ్ బీజాలు పుట్టించడంతో ఆగదు, పెరుగుతున్న క్రిస్టల్స్‌ని కొట్టి ముక్కలు చేస్తుంది. చివరికి వచ్చేది పొడి, ఫిల్టర్‌ని మూసేసేంత సన్నటి పొడి. నారుమడి ఒకచోట, నాట్లు ఒకచోట వేస్తాం కదా, ఇదీ అంతే. బీజం సౌండ్‌లో పుట్టాలి, క్రిస్టల్ ప్రశాంతంగా పెరగాలి.

చల్లదనం ఒక సెకనులో ట్యూబు మధ్యకి చేరుతుందని చెప్పాను కదా. గోడ మందం కలుపుకున్నా కొద్ది సెకన్లే. అంటే సోనికేటర్‌లోకి దిగిన కొన్ని సెంటీమీటర్లకే ద్రావణం అతిసంతృప్తం (కరగగలిగిన దానికన్నా ఎక్కువ మందు ఉన్న స్థితి) అవుతుంది. అక్కడ ఫాయిల్ మ్యాపు ప్రకారం గట్టి సౌండ్ ఉండాలి. ఇంకో సౌకర్యం, చల్లటి నీటిలో బుడగ లోపల ఆవిరి తక్కువ కాబట్టి అది గట్టిగా కూలుతుంది. వేడి నీటిలో ఆవిరి పరుపులా అడ్డుపడుతుంది.

ఇక వరుస. ముందు ఉత్త డిస్టిల్డ్ వాటర్ పంపి కారడాలు చూసుకోండి. తొట్టి 10 డిగ్రీలకి వచ్చిందాకా ఆగండి. సౌండ్ ఆన్. ఆ తర్వాతే పారాసిటమాల్ ద్రావణం. మొదటి పావుగంట వచ్చింది పారబోయండి. ట్యూబులో పట్టేది 2.5 మి.లీ., దానికి మూడు రెట్లు దాటాక గానీ నిలకడ రాదు.

గదిలో లైటు ఆర్పి, రెండో టబ్‌లోని చుట్టకి అడ్డంగా లేజర్ పాయింటర్ వేయండి. శుభ్రమైన ద్రావణంలో ఎర్ర గీత దాదాపు కనబడదు. క్రిస్టల్స్ ఉన్నచోట మిణుగురుల్లా తళుక్కుమంటాయి. మొదటి తళుకు ఏ చుట్టులో కనిపించిందో రాసుకోండి. సౌండ్ లేని కంట్రోల్‌లో తళుకు చివరి దాకా కనబడకపోవచ్చు, బీకరులో పడ్డాక ఎప్పుడో తెల్లబడొచ్చు. ఆ "ఎప్పుడో"ని కూడా గడియారం చూసి రాయండి. లేజర్‌ని కంట్లో పడనీయకండి, స్టీలు తొట్టి అంచుల మీద పడితే ఎటు తిరుగుతుందో చెప్పలేం.

బయటికి వచ్చిన చుక్కల్ని బీకరులో నిల్వ ఉంచకండి. అక్కడా అవి పెరుగుతూనే ఉంటాయి. వాక్యూమ్ పెట్టిన 0.45 మెంబ్రేన్ మీద నేరుగా పడనిచ్చి, ఐస్ నీళ్ళతో ఒక్కసారి కడిగి ఆరబెట్టండి. స్లైడు మీద వేసి, స్టేజి మైక్రోమీటర్‌తో (సన్నటి కొలత గీతలున్న గాజు స్లైడు) ముందు స్కేలు ఫొటో, తర్వాత క్రిస్టల్స్ ఫొటో, రెండూ ఒకే జూమ్‌లో. ఫోన్ కెమెరా చాలు. కనీసం వంద క్రిస్టల్స్ పొడవులు కొలవండి. అందమైనవి ఏరుకుని కొలవడం మానవ స్వభావం. ఫొటో మీద అడ్డంగా ఓ గీత గీసి, దాని మీద పడ్డవన్నీ కొలిస్తే ఆ ఆశకి అడ్డుకట్ట పడుతుంది.

క్రిస్టల్స్ మరీ సన్నగా వస్తే సౌండ్‌ని 5 సెకన్లు ఆన్, 25 సెకన్లు ఆఫ్ చేసి చూడండి, వేడి కూడా తగ్గుతుంది. టైమర్ లేకపోతే సోనికేటర్‌లో ఉండే పొడవుని 1 మీటరు నుంచి 30 సెం.మీ.కి తగ్గించినా అదే ఫలితం వస్తుంది. నేనైతే రెండోదే చేస్తాను. చెయ్యి నొప్పి లేదు.

ట్యూబు మూసుకుపోతే

ముందు తెలుసుకోవడం ఎలా? చుక్కలు వినండి. సెలైన్ సెట్‌కి మి.లీ.కి 20 చుక్కలని నర్సులు లెక్కపెడతారు. మీ సన్న ట్యూబు చివర చుక్క చిన్నది, కాబట్టి మి.లీ.కి ఎన్నో ముందే లెక్కపెట్టి పెట్టుకోండి. చుక్కల మధ్య విరామం ఎగుడుదిగుడైతే లోపల ఏదో పేరుకుంటోంది. అప్పుడే ఓ నిమిషం సౌండ్ పెంచడమో, వెచ్చటి నీళ్ళు పంపడమో చేస్తే పోతుంది.

పూర్తిగా మూసుకుపోయిందా, పంపు ఆపండి. అదే మొదటి పని. సిరంజితో చేత్తో నెట్టకండి. చుట్టని తీసి 50 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే పారాసిటమాల్ దానంతటదే కరుగుతుంది. తీగ దూర్చితే టెఫ్లాన్ లోపల గీతలు పడతాయి. రేపటి క్రిస్టల్స్ ఆ గీతల్లోనే ఇల్లు కట్టుకుంటాయి.

సౌండ్‌తో ట్యూబు మూసుకుపోకుండా కాపాడుకోవచ్చన్నది ఊరికే అన్న మాట కాదు. అమెరికాలో ఎంఐటీలో క్లావ్స్ యెన్సెన్ బృందం 2011లో టెఫ్లాన్ మైక్రోరియాక్టర్‌కే పియెజో పలకని (కరెంటు ఇస్తే వణికే పలక) అమర్చి, ఉప్పు పుట్టే చర్యని అడ్డంకి లేకుండా నడిపి చూపించింది. తొట్టి నీళ్ళలో ముంచే మన పద్ధతి కన్నా అది మెరుగు. పలక నేరుగా అంటుకుని ఉంటుంది కాబట్టి సౌండ్ ఎక్కడికి పోతోందో మీ చేతిలో ఉంటుంది. మీరు తొట్టితో చెయ్యి తిరిగాక అటు వెళ్ళొచ్చు.

కర్క్యుమిన్‌తో ఓ మెట్టు పైకి

కలపడం, క్రిస్టల్స్ రెండూ ఒకేచోట తేలేది యాంటీసాల్వెంట్ పద్ధతిలో. మందు కరిగిన ద్రావకాన్ని అది కరగని నీటిలో కలిపితే మందు బయటపడుతుంది. దీనికి మా పిల్లలకి పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ ఇస్తాను. దుగ్గిరాల పసుపు యార్డు ఇంత దగ్గర్లో పెట్టుకుని వేరే మందు ఎందుకు? సరదాకి అన్నాను లెండి, వాడాల్సింది శుద్ధి చేసిన కర్క్యుమిన్, వంటింటి పసుపు కాదు. అసలు కారణం దాని రంగు. ఎక్కడ గోడకి అంటుకుందో నారింజ ఉంగరంలా కనబడుతుంది.

ఇథనాల్‌లో మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున కరిగించి నిమిషానికి 0.1 మి.లీ., నీళ్ళు 1 మి.లీ. పంపండి. సౌండ్ లేకుండా పది నిమిషాలు నడిపితే టీ-జాయింట్ తర్వాత ఇథనాల్ పొర గోడని రాసుకుంటూ నడిచే వైపున రంగు పేరుకుంటుంది. కలవకముందే అంచున అతిసంతృప్తమై గోడని పట్టేస్తుందన్నమాట. ఇప్పుడు టీ-జాయింట్‌నే సౌండ్ గట్టిగా ఉన్న చోటికి తెచ్చి, కొత్త ట్యూబుతో మళ్ళీ చేయండి. పాత ట్యూబుకి పట్టిన రంగు వదలదు, పోల్చడానికి పనికిరాదు. ఇథనాల్, నీళ్ళు కలిసినప్పుడు కరిగిన గాలి బయటపడి చిన్న బుడగలు వస్తాయి. కంగారు పడకండి, అవే మీ కవ్వాలు. ఇథనాల్ సీసా సోనికేటర్ పక్కన కాకుండా దూరంగా పెట్టండి, మంటపుట్టే ద్రావకాన్ని నేరుగా తొట్టిలో ఎప్పుడూ పోయకండి.

ఇక్కడ కూడా ఆ రెండు కంట్రోల్స్ తప్పవు. ఇథనాల్ నీళ్ళలో కలిసినప్పుడు కొంత వేడి పుడుతుంది, దానికి సోనికేటర్ వేడి తోడవుతుంది. థర్మామీటర్‌ని తొట్టిలో పెట్టి వదిలేయకుండా ట్యూబు చివర పడే చుక్కలకి కూడా పట్టి చూడండి.

ఆపేటప్పుడు

సౌండ్‌ని చివరగా ఆపండి. ముందు మందు సిరంజి తీసి, పారాసిటమాల్‌కైతే 45 డిగ్రీల నీళ్ళు, కర్క్యుమిన్‌కైతే ఉత్త ఇథనాల్ పది నిమిషాలు పంపండి. లేజర్ వేసి చూసి తళుకులు లేవని తేలాక గాలితో ట్యూబు ఖాళీ చేసి, అప్పుడు సోనికేటర్ ఆఫ్ చేయండి. తొట్టి నీళ్ళు పారబోసే ముందు టీ జల్లెడలో వడకట్టండి, ఫాయిల్ తునకలు అడుగున ఉండిపోతే రేపు మొబైల్ ఫేజ్ సీసా పెట్టినవాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు. హీటర్ స్విచ్ మీద టేపు మాత్రం అలాగే ఉంచండి.